బంగారు తాళంచెవి, మెయిన్ రాష్ట్రపు రైతు కాలేజీ

అమెరికాలో చదివే మన పిల్లలకు మూడో ఏడాదిలోనో నాలుగో ఏడాదిలోనో ఒక మెయిల్ వస్తుంటుంది. మీరు ఆనర్ సొసైటీకి (చదువులో ముందున్నవాళ్ల సంఘానికి) ఎంపికయ్యారు, ఫీజు కట్టి చేరండి అని. ఇది నిజంగా గౌరవమేనా, డబ్బు గుంజే వ్యవహారమా అని ఇక్కడ ఇంట్లో టెన్షన్. సంగతి తేలాలంటే యూనివర్సిటీలో ఆ సొసైటీకి 'చాప్టర్', అంటే అధికారిక శాఖ, ఉందా అని చూడాలి. ఈ చాప్టర్ల కథ చాలా పాతది.

1776 డిసెంబర్ 5న వర్జీనియాలోని విలియం అండ్ మేరీ కాలేజీ కుర్రాళ్లు కొందరు ఫై బీటా కప్పా అనే సంఘం పెట్టుకున్నారు. అప్పట్లో అది రహస్య సంఘం. చర్చలు, ప్రమాణాలు, సభ్యులకు మాత్రమే తెలిసిన కరచాలనం. అమెరికా స్వాతంత్ర్య యుద్ధం ఊరి మీదికి రావడంతో 1781లో మూతపడింది. అప్పటికే యేల్, హార్వర్డ్‌లకు చాప్టర్లు ఇచ్చి ఉండబట్టి సంఘం బతికింది. 1831లో హార్వర్డ్ చాప్టర్ ఆ రహస్యాన్ని వదిలేసింది. క్రమంగా అది చదువులో ముందున్నవాళ్లకు దక్కే గౌరవమైంది. దాని గుర్తు చిన్న బంగారు తాళంచెవి. ఒక పక్క మూడు నక్షత్రాలు, వాటిని చూపిస్తున్న వేలు. అడుగున ఉన్న కాడతో ఒకప్పుడు జేబు గడియారానికి కీ ఇచ్చేవారు.

అయితే ఆ తాళంచెవి సాహిత్యం, చరిత్ర, శాస్త్రాలు చదివినవాళ్లకే. 1862 మోరిల్ చట్టంతో కేంద్ర ప్రభుత్వం ఇచ్చిన భూముల సొమ్ముతో రాష్ట్రాలు వ్యవసాయం, ఇంజినీరింగ్ నేర్పే కాలేజీలు పెట్టాయి. అక్కడ ఎంత బాగా చదివినా ఆ చదువు లెక్కలోకి రాలేదు. ఇంజినీర్ల కోసం 1885లో లీహై యూనివర్సిటీలో టౌ బీటా పై అనే ఆనర్ సొసైటీ పుట్టింది. అన్ని కోర్సులకూ కలిపి ఒకటి ఉండాలన్న ఆలోచన 1897లో మెయిన్ రాష్ట్రంలోని ఓరోనో ఊళ్లో మార్కస్ యురాన్ అనే విద్యార్థికి వచ్చింది. సరిగ్గా ఆ ఏడాదే అక్కడి వ్యవసాయ కాలేజీ పేరు మార్చుకుని మెయిన్ యూనివర్సిటీ అయింది. పదిమంది విద్యార్థులు, ఇద్దరు అధ్యాపకులు, కాలేజీ అధ్యక్షుడు కలిసి మొదలుపెట్టారు. తర్వాత పెన్ స్టేట్ కాలేజీ, టెనెసీ యూనివర్సిటీ కలిశాయి. 1900 నాటికి ఫై కప్పా ఫై అన్న పేరు స్థిరపడింది. (ఈ యురానే తర్వాత క్రాన్‌బెర్రీ తోటలు వేసి, ఓషన్ స్ప్రే సహకార సంఘం పెట్టినవాళ్లలో ఒకడయ్యాడు. రైతు కాలేజీ చదువు ఊరికే పోలేదు.)

చాప్టర్ తెచ్చుకోవడం మాత్రం ఇప్పటికీ తేలిక కాదు. ఫై బీటా కప్పా అయితే చాప్టర్‌ను యూనివర్సిటీకి ఇవ్వదు, అందులో పనిచేసే తన సభ్యులైన అధ్యాపకులకు ఇస్తుంది. దరఖాస్తు వాళ్లే పెట్టాలి. ఆ తర్వాత పరిశీలకులు క్యాంపస్‌కు వచ్చి చూస్తారు. మూడేళ్లకోసారి జరిగే కౌన్సిల్‌లో ఓటు పడాలి. వైస్ చాన్సలర్ స్థాయి మనిషి తలుచుకున్నా ఫీజు కట్టి తెచ్చేది కాదు. ఫై కప్పా ఫైలో మూడో ఏడాది వాళ్లయితే మార్కుల్లో పై 7.5 శాతంలో, నాలుగో ఏడాది వాళ్లయితే పై 10 శాతంలో ఉండాలి. ఎంపిక చేసేది క్యాంపస్ చాప్టరే.

కాబట్టి ఆ మెయిల్ వస్తే ముందు ఫీజు సంగతి పక్కనపెట్టి, మీ క్యాంపస్‌లో ఆ చాప్టర్ చూసుకునే ప్రొఫెసర్ ఎవరో డిపార్ట్‌మెంట్ ఆఫీసులో అడగమనండి.