రెండు మీటర్లంటే ఎన్ని మీటర్లు?

భీమిలి
మంగళవారం రాత్రి

చిరంజీవి చిన్నోడికి, చిరంజీవి అమ్మలుకి తాతయ్య ఆశీస్సులు.

సాయంత్రం మీ అమ్మ ఫోన్ చేసింది. ఈ శని, ఆదివారాలు మీరిద్దరూ పెర్త్ నుంచి మార్గరెట్ రివర్‌కు అలల మీద సర్ఫింగ్ చెయ్యడానికి వెళ్తామంటున్నారట. "నాన్న సరే అంటే నేనూ సరే అంటాను" అని పేచీ తెచ్చి నా నెత్తిన పెట్టింది. మీరేమో అలల ఫోర్‌కాస్ట్ స్క్రీన్‌షాట్ పంపి, కింద "రెండు మీటర్లే తాతయ్యా, యాలింగప్‌లో ఇంతకన్నా పెద్ద అలలు ఎక్కాం" అని రాశారు. ఫోన్లో చెబితే మధ్యలోనే "సరే సరే" అనేస్తారు. అందుకే ఉత్తరం రాస్తున్నాను. పోస్టులో వేస్తే మీ సెలవులు అయిపోయాక గానీ అందదు. కాగితాలకు ఫోటోలు తీసి వాట్సాప్‌లో పెడతాను. నా చేతిరాత అర్థం కాకపోతే మీ అమ్మమ్మను అడగండి, ఆవిడకు అలవాటే.

నేను ఒక్కసారి కూడా బోర్డు ఎక్కలేదు. ఆ మాట ముందే ఒప్పుకుంటున్నాను. ముప్పై ఏళ్లు రేవులో ఓడల్ని లాగే టగ్గు మీద పనిచేశాను. రిటైరయ్యాక ఐదు చలికాలాలు మీ దగ్గరికి వచ్చినప్పుడు, మీ నాన్న నీళ్లలో ఉంటే నేను మార్గరెట్ రివర్ దగ్గరి సర్ఫర్స్ పాయింట్ కార్ పార్కులో టీ ఫ్లాస్కు పట్టుకుని కూర్చున్నాను. ఆ రెండు చోట్ల నుంచి చూసిన సముద్రమే నాకు తెలిసింది.

మీ స్క్రీన్‌షాట్‌లో శనివారం ఎదురుగా 2 మీటర్లు, 17 సెకన్లు, నైరుతి అని ఉంది. మీరు ఆ 2 చుట్టూ ఎర్ర గీత గీశారు. నేనైతే 17 చుట్టూ గీసేవాణ్ని.

ఒక అల తల మీ ముందు నుంచి వెళ్లాక, తర్వాతి అల తల అక్కడికి రావడానికి పట్టే సమయమే ఆ సెకన్లు. దాన్నే పీరియడ్ అంటారు. పెర్త్‌లో సాయంత్రం గాలి లేపే చిల్లర అలలకు అది ఐదు, ఆరు సెకన్లుంటుంది. పదిహేడు అంటే ఆ అల మీ ఊరి గాలికి పుట్టింది కాదు. ఎక్కడో దూరాన పెద్ద తుఫానులో పుట్టి, ఆ తుఫానును వెనక వదిలేసి వచ్చింది. అలా వచ్చిన దాన్ని స్వెల్ అంటారు. ఎనిమిది సెకన్ల అల ఒక తల నుంచి ఇంకో తలకు నూరు మీటర్లుంటే, పదిహేడు సెకన్లది 450 మీటర్లుంటుంది. రెండూ రెండేసి మీటర్ల ఎత్తే అనుకోండి, పదిహేడు సెకన్లది మోసుకొచ్చే శక్తి రెట్టింపు పైమాటే. సముద్రం మధ్యలో పడవలో కూర్చుంటే మాత్రం ఎనిమిది సెకన్లదే మిమ్మల్ని ఎక్కువ కుదిపేస్తుంది. పదిహేడు సెకన్లది మెల్లగా పైకెత్తి మెల్లగా దించుతుంది, ఉయ్యాలలా. దాని సంగతి ఒడ్డు దగ్గరే తెలుస్తుంది.

నాకు తెలిసింది రేవులో. ఒక ఏప్రిల్ నెల, గాలి లేదు, ఎండ మండిపోతోంది, నీళ్లు నూనె పోసినట్టున్నాయి. అల మీటరు కూడా ఉండదు. కట్టి ఉన్న ఓడ ముందుకూ వెనక్కూ నెమ్మదిగా ఊగడం మొదలుపెట్టింది. అలా ఊగీ ఊగీ నా చెయ్యంత లావు మోకు ఒకటి తెగింది. అది తెగేటప్పుడు తుపాకీ పేలినట్టు మోగుతుంది. ఆ చప్పుడు ఇప్పటికీ చెవిలో ఉంది. దేవుడి దయవల్ల దాని దారిలో ఎవరూ లేరు. మా టగ్గు నడిపే సారంగు అప్పుడన్నాడు, "ఎత్తు చూడకు, ఎంతసేపటికోసారి పైకి లేస్తోందో లెక్కపెట్టు" అని. నేను చేతి గడియారం పెట్టుకుని లెక్కపెడితే పద్దెనిమిది సెకన్లు వచ్చింది.

ఆ రోజు మా రేవుకొచ్చిన అల, శనివారం మీ దగ్గరికి రాబోయే అల, రెండూ ఒకే ఇంటివి. ఆస్ట్రేలియాకు, ఆఫ్రికాకు దక్షిణాన 40 డిగ్రీల అక్షాంశం దాటితే గాలికి అడ్డంపడే నేల దాదాపు లేదు. అక్కడ పడమటి గాలి ఏడాది పొడుగునా వీస్తూనే ఉంటుంది, అల్పపీడనాలు ఒకదాని వెనక ఒకటి తూర్పుకు నడుస్తుంటాయి. వాటి కింద పుట్టిన అలలు కొన్ని మీ వైపు వస్తాయి, కొన్ని ఉత్తరానికి తిరిగి రోజుల తరబడి నడిచి కేరళకూ మన బంగాళాఖాతానికీ వస్తాయి. వానాకాలానికి ముందు నెలల్లో మనకు ఇవి బాగా తెలుస్తాయి. మలయాళీ జాలర్లు దీన్ని కల్లక్కడల్ అంటారు, అంటే దొంగ సముద్రం. గాలీ లేకుండా, మబ్బూ లేకుండా ఇంటి ముంగిట్లోకి వచ్చేస్తుందని. దీని గురించి హెచ్చరికలు ఇచ్చేది హైదరాబాద్‌లోని కేంద్ర సముద్ర సమాచార సంస్థ ఇన్‌కాయిస్. సముద్రం లేని ఊళ్లో సముద్రం ఆఫీసు పెట్టారని మేం నవ్వుకునేవాళ్లం గానీ, వాళ్లు చెప్పింది వినకపోతే ఏమవుతుందో 2024 మే 6న చూశాం. కన్యాకుమారి జిల్లాలో స్నానానికి దిగిన ఐదుగురు వైద్య విద్యార్థులు ఇలాంటి అలకే పోయారు. హెచ్చరిక అప్పటికే ఉంది.

మళ్లీ మీరు పంపిన ఆ ఫోర్‌కాస్ట్ కాగితానికి వద్దాం. స్వెల్ ఎంత వేగంగా నడుస్తుందో కూడా ఆ సెకన్లే చెబుతాయి. లోతు నీళ్లలో పదిహేడు సెకన్ల అలల గుంపు గంటకు దాదాపు 48 కిలోమీటర్లు, అంటే రోజుకు పదకొండు వందల పైచిలుకు వెళ్తుంది. ఇరవై సెకన్లవి ఇంకా వేగం, గంటకు 56. పది సెకన్లవి 28 మాత్రమే. ఒకే తుఫానులో పుట్టినా అన్నీ కలిసి రావు, పొడుగువి ముందొస్తాయి. 1963లో వాల్టర్ మంక్ అనే శాస్త్రవేత్త పసిఫిక్ అడ్డంగా న్యూజిలాండ్ నుంచి అలాస్కా దాకా మజిలీలు పెట్టించి, దక్షిణాన పుట్టిన స్వెల్ అంత దూరమూ నడిచి వెళ్లడం కొలిపించాడు. సముద్రం అంత నమ్మకంగా లెక్కకు అందుతుంది గనుకే మీ ఫోన్‌లో నాలుగు రోజుల ముందే శనివారం కనిపిస్తోంది.

ఇందులో మీకు పనికొచ్చేది ఒకటుంది. కేప్ నేచురలిస్ట్ దగ్గర నీళ్లలో తేలుతూ అలలు కొలిచే బోయా ఉంది కదా, శుక్రవారం రాత్రి దాని రీడింగ్ చూడండి. పాత స్వెల్ 12 సెకన్లతో పెద్దగా కనిపిస్తుంది. దాని పక్కన 18, 19 సెకన్లతో అర మీటరు అని చిన్న అంకె కనిపించవచ్చు. అందరూ దాన్ని వదిలేస్తారు. అదే పెళ్లివారి కన్నా ముందొచ్చే కబురు. ఆ అర మీటరు కనబడిందంటే శనివారం పొద్దున చిన్నగా ఉన్నది మధ్యాహ్నానికి పెరుగుతుంది. పొద్దున తేలిగ్గా ఉందని ఈదుకుంటూ వెళ్లినవాడికి తిరిగి వచ్చేటప్పుడు వేరే సముద్రం ఎదురవుతుంది.

"ట్రిగ్‌లో రోజూ ఎక్కుతున్నాం" అంటారు. మీ పెర్త్ తీరంలోని ట్రిగ్‌కు ముందు రాట్‌నెస్ట్ ద్వీపం ఉంది, నీళ్లకింద రాళ్ల వరసలున్నాయి. మీ దగ్గరికి వచ్చేసరికి అల సగం అలిసిపోయి ఉంటుంది. మార్గరెట్ రివర్ దగ్గర అలాంటి అడ్డం ఏదీ లేదు. పదిహేడు సెకన్ల అల 200 మీటర్ల పైగా లోతులోనే అడుగును తాకుతుంది. అక్కణ్నుంచి కింద నెమ్మదించి, పొడుగు కుంచించుకుని, ఎత్తు పెరుగుతూ వస్తుంది. సర్ఫర్స్ పాయింట్ ముందు అలలు విరిగే చోటు, అదే మెయిన్ బ్రేక్ దగ్గర అడుగు ఇసుక కాదు, రీఫ్, అంటే నీళ్లకింది రాతి దిబ్బ. ఇసుకైతే వాలుగా ఉంటుంది, అల మెత్తగా విరుగుతుంది, వారానికోసారి చోటు మారుస్తుంది. రాయి మారదు. లోతు నుంచి ఒక్కసారి మెట్టు ఎక్కినట్టు అల దాని మీదికి ఎక్కి, తన ఎత్తుకు సుమారు ఒకటింపావు రెట్ల లోతు రాగానే పడిపోతుంది. బోయా దగ్గర రెండు మీటర్లన్నది మీ ముఖం ముందు మూడు మీటర్లు దాటవచ్చు. పైగా అక్కడి పాత సర్ఫర్లు దాన్ని "ఆరడుగులు" అంటారు. వాళ్లు అల వీపు కొలుస్తారో, నిజాయితీ తక్కువో నాకు తెలియదు గానీ, వాళ్ల అడుగులు మన అడుగుల కన్నా పెద్దవి. వాళ్ల మాట విని మీటర్లలోకి మార్చుకోకండి.

గ్రేస్‌టౌన్‌లో నార్త్ పాయింట్ చూడాలని అమ్మలు అడిగింది. అది పాయింట్ బ్రేక్, అంటే నేల ముక్కులా సముద్రంలోకి పొడుచుకొచ్చిన చోట అల విరిగేది, దాని తీరు వేరు. ఎడ్లబండి ఒక చక్రం ఇసుకలో దిగితే బండి అటే తిరుగుతుంది కదా. అల కూడా ముక్కు దగ్గర లోతు తక్కువైన కొస నెమ్మదించి, లోతులో ఉన్న కొస ముందుకు పరిగెత్తి, ముక్కును చుట్టుకుని అఖాతంలోకి తిరుగుతుంది. అందుకే ఒకే చోట కుప్పకూలకుండా వరసగా విరుగుతూ వెళ్తుంది. చూడ్డానికి చాలా అందం. కానీ అక్కడ పెద్ద స్వెల్ ఉంటే గానీ సరిగ్గా విరగదు. అంటే అది బాగుందని జనం చెప్పుకునే రోజు, బాగా వచ్చినవాళ్ల రోజు. మీరు కొండ పక్కన నిలబడి చూడండి. కొండ కింద మాత్రం వద్దు. అదే గ్రేస్‌టౌన్‌లో 1996 సెప్టెంబర్ 27న సున్నపురాయి కొండచరియ విరిగిపడి తొమ్మిది మంది చనిపోయారు. పిల్లల సర్ఫింగ్ పోటీ చూడ్డానికి వచ్చి, దాని కింద నిలబడ్డవాళ్లు.

గాలి సంగతి మీకు తెలుసు, అయినా ఒకటి రాస్తాను. గాలికైనా స్వెల్‌కైనా కాగితంలో రాసేది వచ్చే దిక్కు. తూర్పు గాలి అంటే నేల మీంచి సముద్రం వైపు వీచేది. అది అల ముఖాన్ని నిలబెట్టి నున్నగా దువ్వుతుంది. మీ దగ్గర చలికాలంలో గాలి చక్రం తిరిగినట్టు తిరుగుతుంది. ఫ్రంట్, అంటే చల్లగాలి ముందు అంచు, రాబోతుంటే వాయవ్యం, దాటగానే పడమర, నైరుతి, తర్వాత అధిక పీడనం వెనక వస్తుంటే దక్షిణం, ఆగ్నేయం, తూర్పు, మళ్లీ ఉత్తరం వైపు తిరిగితే ఇంకో ఫ్రంట్ వస్తున్నట్టే. మీ కాగితంలో గురువారం వాయవ్యం, శుక్రవారం గట్టి నైరుతి, శనివారం ఆగ్నేయం, ఆదివారం తేలిక తూర్పు. చూశారా, తుఫాను వెళ్లిపోయిన రెండు మూడు రోజులకు గాలి మంచిదవుతుంది, అలలు ఇంకా వస్తూనే ఉంటాయి.

పోటు, పాటు ఇక్కడ భీమిలిలో రోజుకు రెండేసిసార్లు, నీరు ఒకటిన్నర మీటరు దాకా తేడా వస్తుంది. అక్కడ ఎక్కువగా రోజుకు ఒకసారే, మీటరు లోపే. అందుకని దాన్ని తీసిపారేస్తారు. రాయి మీద అర మీటరు నీళ్లు తగ్గడమంటే మోకాలి చిప్పకూ రాయికీ మధ్య అర మీటరు తగ్గినట్టే.

మీ అమ్మ భయం సొరచేపలు. 2018 ఏప్రిల్‌లో గ్రేస్‌టౌన్ దగ్గర ఒకే రోజు ఇద్దరు సర్ఫర్లను కరిచి, అక్కడి ప్రపంచ స్థాయి పోటీనే ఆపేశారు కదా, అది ఆమె మర్చిపోలేదు. సొరచేపల జాడ చెప్పే షార్క్‌స్మార్ట్ యాప్ ఫోన్‌లో పెట్టుకుని చూపించండి, ఒడ్డున తిమింగలం కళేబరం ఉందంటే దిగకండి. నా భయం అది కాదు. నా భయం ప్రశాంతం. పొడుగు స్వెల్ గుంపులు గుంపులుగా వస్తుంది. ఐదారు అలలు వచ్చి, తర్వాత పావుగంట ఏమీ ఉండదు. కారు దిగినవాడు ఆ పావుగంట చూసి "చెరువులా ఉంది" అని బోర్డు తీస్తాడు. మీ నాన్న ఒకసారి సరిగ్గా అలాగే తీశాడు. నేను రెండో కప్పు టీ పోసుకునేలోపు గుంపు వచ్చింది. బోర్డు రెండు ముక్కలై వేరువేరుగా ఒడ్డుకొచ్చింది, మనిషి నది సముద్రంలో కలిసే రివర్‌మౌత్ దగ్గర తేలాడు. మీ అమ్మకు బోర్డు "పాతది, విరిగింది" అని చెప్పాం. ఇప్పుడు ఈ ఉత్తరం ఆమె చదువుతుంది కాబట్టి ఇవాళ్టితో ఆ అబద్ధం ముగిసింది.

ఇక నా తీర్పు. శనివారం పొద్దున్నే బయల్దేరండి, పెర్త్ నుంచి మూడు గంటలు. సర్ఫర్స్ పాయింట్‌లో కారు ఆపి, బోర్డులు కారు మీదే ఉంచి, గంట కూర్చోండి. గుంపుకు ఎన్ని అలలు, గుంపుకూ గుంపుకూ మధ్య ఎన్ని నిమిషాలు, బాగా వచ్చినవాళ్లు ఎటు నుంచి లోపలికి వెళ్తున్నారు, ఎటు నుంచి బయటికి వస్తున్నారు, ఇవన్నీ కాగితం మీద రాయండి. ఉత్తరం వైపు బాక్స్ అనే అల కనిపిస్తుంది, దాన్ని ఫోటోలు మాత్రం తీసుకోండి. శనివారం దిగొద్దు. ఆదివారం మీ కాగితంలో 1.5 మీటర్లు, 14 సెకన్లు, తూర్పు గాలి అని ఉంది. ఆ అంకెలు శనివారం రాత్రికి కూడా అలాగే ఉంటే, తెల్లారాక మీ నాన్న ముందు, మీరు వెనక దిగండి. అక్కడ కుడికీ ఎడమకీ విరుగుతుంది. మొదటి గంట ఎడమ వైపు అల భుజం, అంటే ఇంకా విరగని పక్క భాగం దగ్గరే ఉండండి, మధ్యలోకి పోవద్దు. ఉత్తరపు గాలి మొదలైతే బయటికి వచ్చేయండి.

మీ అమ్మతో నేను మాట్లాడతాను. కానీ అంతకుముందు మీరిద్దరూ ఆమె పక్కన కూర్చుని, ఆ 17 అంటే ఏమిటో ఈ ఉత్తరం చూడకుండా చెప్పండి. ఆమెకు అర్థమైందని నాకు ఫోన్ చేసి చెప్పాక నేను సరే అంటాను.

లెక్క రాసిన కాగితం ఫోటో శనివారం సాయంత్రం పంపండి.

మీ తాతయ్య