హెల్ప్ రాసే టూల్స్ భవిష్యత్తు: అపోహలు, వాస్తవాలు

సాఫ్ట్‌వేర్‌కు హెల్ప్ పేజీలు రాసే పనిలోకి కొత్తగా వచ్చినవారు నన్ను తరచుగా అడిగేది, మనం నేర్చుకున్న టూల్ రేపు ఉంటుందా అని. ఆ భయం వెనుక కొన్ని అపోహలు ఉన్నాయి.

అపోహ: పెద్ద కంపెనీ చేతిలో ఉన్న టూల్‌కు ఢోకా లేదు.

వాస్తవం: బ్లూ స్కై సాఫ్ట్‌వేర్ తయారుచేసిన రోబోహెల్ప్ అనే హెల్ప్ రాసే టూల్, ఆ సంస్థ ఈహెల్ప్‌గా పేరు మార్చుకున్న తర్వాత 2003లో మాక్రోమీడియాకు, 2005 చివర్లో మాక్రోమీడియాతో పాటే అడోబీకి చేరింది. ఆ రోజుల్లోనే పాత ఈహెల్ప్ ఉద్యోగులు కొందరు మ్యాడ్‌క్యాప్ సంస్థను స్థాపించి, ఫ్లేర్ అనే పోటీ టూల్‌ను తెచ్చారు. ఇక ముగిసిందని చాలామంది భావించిన రోబోహెల్ప్ 2007 జనవరిలో కొత్త వెర్షన్‌తో తిరిగి వచ్చింది. కొన్న సంస్థ ఎంత పెద్దదైనా, ఆ టూల్ దాని ప్రణాళికలో ఎక్కడుందన్నదే అసలు ప్రశ్న.

అపోహ: టూల్ ఉన్నంతకాలం మన పత్రాలూ ఉంటాయి.

వాస్తవం: టూల్ కంటే ముందు ఫార్మాట్ పోతుంది. విండోస్ పాత హెల్ప్ ఫార్మాట్ అయిన విన్‌హెల్ప్ రోజుల్లో వర్డ్ ఫైలులోని ప్రతి అంశానికీ ఫుట్‌నోట్లు పెట్టాలి. హ్యాష్ గుర్తుతో ఐడీ, డాలర్ గుర్తుతో శీర్షిక, కె అక్షరంతో ఇండెక్స్ పదాలు. రోబోహెల్ప్‌ను అందరూ ఆదరించింది ఆ చాకిరీ తప్పించినందుకే. కానీ విండోస్ విస్టాలో విన్‌హెల్ప్‌ను తెరిచే ప్రోగ్రామే లేకపోవడంతో, దాన్ని విడిగా దించుకుంటే తప్ప ఏళ్ల తరబడి రాసినవి కొత్త కంప్యూటర్లలో తెరుచుకోలేదు. విన్‌హెల్ప్ తర్వాత విండోస్‌లో వచ్చిన హెల్ప్ ఫార్మాట్ సీహెచ్ఎం. ఆ ఫైలును నెట్‌వర్క్ డ్రైవ్ నుంచి తెరిస్తే, ఎడమవైపు విషయసూచిక కనిపించినా కుడివైపు పేజీ రాదు. తెలుగు రాసేవారికి మరో కష్టం ఉంది: సీహెచ్ఎం ఫైలును తయారుచేసే కంపైలర్‌కు యూనికోడ్ (అన్ని భాషల అక్షరాలకూ ఉన్న ఉమ్మడి సంకేత పద్ధతి) తెలియదు కాబట్టి, పేజీలో తెలుగు చక్కగా ఉన్నా విషయసూచికలో వరుసగా ప్రశ్నార్థకాలే కనిపిస్తాయి. ఎంతో శ్రద్ధగా పెట్టుకున్న శీర్షికలన్నీ అలా మారిపోవడం చూసిన రోజు నాకు కలిగిన బాధ ఇప్పటికీ గుర్తుంది.

అపోహ: కృత్రిమ మేధ వచ్చింది కనుక ఈ టూల్స్ ఇక అక్కర్లేదు.

వాస్తవం: వాక్యం రాయడం ఈ టూల్స్ పని ఎన్నడూ కాదు. ఏ వెర్షన్‌కు ఏ పేరా వెళ్లాలి, ఏ తెర నుంచి ఏ పేజీ తెరుచుకోవాలి, పలుచోట్ల వచ్చే ఒకే హెచ్చరికను ఒక్కచోట దిద్దితే అంతటా ఎలా మారాలి అన్నవి చూడటమే వాటి పని, ఆ అవసరం తగ్గలేదు.

అందుకే నేను మూలపాఠాన్ని 2005 నుంచి ఓయాసిస్ అనే ప్రమాణాల సంస్థ ప్రమాణంగా ఉన్న డీటా అనే ఎక్స్ఎంఎల్ ఫార్మాట్‌లో గానీ, మామూలు అక్షరాల్లోనే రాసుకునే మార్క్‌డౌన్‌లో గానీ ఉంచమంటాను. సంవత్సరానికొకసారైనా ఒక ప్రాజెక్టును ఆ టూల్ లేని కంప్యూటర్‌లోకి తీసుకెళ్లి, నోట్‌ప్యాడ్‌లో తెరిచి, చదవగలుగుతున్నారో లేదో చూసుకోండి.