అద్దం ముందు గెంతిన తాబేలు

ఆ రోబో తాబేలు నెత్తిన ఓ చిన్న బల్బు. అద్దంలో ఆ వెలుగు కంటపడగానే తిరగడం ఆపి ముందుకు పోతుంది, తిరగడం ఆగగానే బల్బు ఆరిపోతుంది, వెలుగు మాయమైంది కదా అని మళ్ళీ వెతుకుతూ తిరుగుతుంది, తిరగ్గానే బల్బు మళ్ళీ వెలుగుతుంది... ఇలా వెలుగుతూ ఆరుతూ అద్దం ముందే గెంతులేస్తుంటే, తనని తాను గుర్తుపట్టిందేమో అనిపిస్తుంది. అసలు సంగతేంటంటే ఆ బల్బుని స్టీరింగ్ మోటారుకి కలిపారు, అంతే.

దాన్ని తయారుచేసింది మెదడు శాస్త్రవేత్త గ్రే వాల్టర్. ఇంగ్లండ్‌లో, బ్రిస్టల్‌లోని బర్డెన్ న్యూరలాజికల్ ఇన్‌స్టిట్యూట్‌లో ఈఈజీలతో, అంటే మెదడు కరెంటు అలల రికార్డులతో కుస్తీపట్టే మనిషి, మెదడులో గడ్డ ఎక్కడుందో డెల్టా తరంగాలని (వాటిలో నెమ్మదిగా సాగే అలలని) బట్టి చెప్పొచ్చని చూపించింది ఆయనే. 1948, 49లో ఎల్మర్, ఎల్సీ అని రెండు తాబేళ్ళు చేశాడు. ఒక్కోదానికి మూడు చక్రాలు, రెండు మోటార్లు, వెలుగుని పసిగట్టే ఓ ఫోటోసెల్, పైన డిప్ప. మెదడు అనుకోదగ్గది పాత రేడియోల్లో ఉండేలాంటి వాక్యూమ్ ట్యూబులు, రెండే రెండు! కంప్యూటరూ లేదు, ప్రోగ్రామూ లేదు. మెదడు గొప్పతనం కణాల లెక్కలో కాదు, అవి ఒకదానికొకటి ఎలా కలిసున్నాయన్న దాంట్లో ఉందేమోనని ఆయన అనుమానం, దాన్ని తేల్చుకోడానికే ఈ బొమ్మలు.

ఫోటోసెల్, ముందు చక్రంతో పాటు గుండ్రంగా తిరుగుతూ నాలుగు దిక్కులూ చూస్తుంది. ఓ మోస్తరు వెలుగు దొరికితే అటు నడుస్తుంది. మరీ ఎక్కువైతే పక్కకి తప్పుకుంటుంది, అంటే వానాకాలం దీపం మీద పడి చచ్చే ఉసిళ్ళ కంటే నయమన్నమాట. డిప్పకి ఏదైనా తగిలితే కాసేపు వెలుగు సంగతి మర్చిపోయి, నెట్టుకుంటూ వెనక్కి తగ్గుతూ దారి చేసుకుంటుంది.

నాకు బాగా నచ్చేది దాని ఆకలి. దాని గూట్లో పెద్ద దీపం, ఛార్జింగ్ ఏర్పాటు ఉంటాయి. బ్యాటరీ నిండుగా ఉన్నప్పుడు ఆ వెలుగు భరించలేక బయటే తిరుగుతుంది. బ్యాటరీ నీరసించే కొద్దీ ఫోటోసెల్ వెనక దాని సిగ్నల్‌ని పెంచే యాంప్లిఫయర్ కూడా నీరసిస్తుంది, అప్పుడు అదే దీపం దానికి మామూలు వెలుగులా కనబడి లోపలికి దూరుతుంది. కడుపు నిండాక మళ్ళీ ఆ వెలుగే తరిమేస్తుంది. 'ఆకలేస్తే ఇంటికి పో' అని ఎక్కడా రాసిలేదు, బలహీనతే దారి చూపిస్తోంది. ఇంజినీరు ఎవరైనా దీన్ని లోపం అని సరిచేసేసేవాడేమో!

1951లో లండన్‌లో ఫెస్టివల్ ఆఫ్ బ్రిటన్ అనే ప్రదర్శనలో కొత్తగా కట్టిన తాబేళ్ళని జనం చూశారు. తర్వాత ఆస్ట్రేలియాలో రోడ్నీ బ్రూక్స్ అనే కుర్రాడు వాల్టర్ పుస్తకం చదివి, ట్రాన్సిస్టర్లతో అలాంటిదే ఒకటి చేసుకున్నాడు. పెద్దయ్యాక ఆయన మరో ఇద్దరితో కలిసి పెట్టిన కంపెనీయే 2002లో రూంబా అనే ఇల్లు ఊడ్చే రోబోని తెచ్చింది. మంచాల కింద ఊడుస్తూ, గోడకి తగిలితే పక్కకి తిరిగే గుండ్రటి డిప్ప, తర్వాత వచ్చిన మోడళ్ళయితే ఛార్జింగ్ అయిపోవస్తుంటే తనంతట తానే గూటికి పోతాయి.