మన ఇంట్లో ప్రేమ ఉందని ఎలా తెలుస్తుంది?

చిరంజీవులైన పిల్లలకు,

తాతయ్య ఆశీస్సులు. మీలో ఏడో తరగతి చదువుతున్న ఒక అమ్మాయి ఈ మధ్య నాకు ఉత్తరం రాసింది. “తాతయ్యా, అమ్మ నన్ను రోజూ ఏదో ఒకదానికి కోప్పడుతుంది. నాన్నగారు ఆలస్యంగా ఇంటికి వస్తారు, వచ్చాక కూడా ఎక్కువ మాట్లాడరు. తమ్ముడికీ నాకూ క్షణం పడదు. కుటుంబంలో ప్రేమ ఉంటుందని మా పాఠంలో రాశారు. మా ఇంట్లో అది ఉందో లేదో నాకు ఎలా తెలుస్తుంది?” అని అడిగింది. పెద్దవాళ్లకూ ఈ సందేహం కలుగుతుంది కానీ, జవాబు ఎలా ఉంటుందోనన్న భయంతో వాళ్లు పైకి అడగరు.

నిర్వచనాలు చెప్పడం నాకు చేతకాదు. వాటి బదులు మీ వంటింట్లో రాత్రిపూట జరిగే ఒక పనిని చూపిస్తాను. భోజనాలు అయ్యాక పాలు తోడు వేస్తుంటే మీరెప్పుడైనా పక్కన నిలబడి చూశారా? కాచిన పాలను గోరువెచ్చన అయ్యేదాకా చల్లారనిచ్చి, చిటికెన వేలు ముంచి వేడి చూసుకుని, నిన్నటి పెరుగు కొంచెం వేసి కలిపి, మూతపెట్టి ఒక మూలన ఉంచేస్తారు. పాలు మరీ వేడిగా ఉంటే తోడులోని సూక్ష్మజీవులు చచ్చిపోతాయి; మరీ చల్లగా ఉంటే తెల్లవారినా పాలు పాలలాగానే ఉంటాయి. పేరుకుందో లేదోనని మాటిమాటికీ గిన్నె కదిపి చూసేవాళ్లకు గడ్డపెరుగు దొరకదు.

మా చిన్నతనంలో, కృష్ణా డెల్టాలోని మా ఊళ్లో, పెరట్లో దాలిగుంట ఉండేది. మా నాయనమ్మ పొద్దున్నే అందులో పిడకలు రాజేసి పాలకుండ పెట్టేది. ఆ సన్నని సెగ మీద సాయంత్రం దాకా కాగి పాలు ఎర్రబడేవి, పైన అరచేయంత మందాన మీగడ కట్టేది. ఆ మీగడ కోసం నేనూ మా అన్నయ్యా జుట్లు పట్టుకున్న రోజులు ఎన్నో ఉన్నాయి. మా ఇద్దరిలో ఎవరికి ఎక్కువ పెట్టిందో నాయనమ్మ ఏనాడూ ఒప్పుకోలేదు. అసలు సంగతి ఏమిటంటే, ఆవిడ మజ్జిగలో ఏనాడూ మీగడ ఉండేది కాదు; ఆ విషయం గమనించే తెలివి అప్పుడు మా ఇద్దరికీ లేదు.

పాలు పెరుగుగా మారిన క్షణాన్ని రాత్రంతా మేలుకుని కూర్చున్నా ఎవరూ చూపించలేరు. ఇంట్లో ప్రేమ కూడా అలాగే, ఎవరూ చూడని వేళ పేరుకుంటుంది. అందుకే దాన్ని ‘ఇదిగో’ అని వేలుపెట్టి చూపించమంటే మీ అమ్మ కూడా చూపించలేదు.

దానికి కావలసింది గోరువెచ్చదనం. 1978లో, కొలంబియా దేశ రాజధాని బొగోటాలోని ఒక ఆసుపత్రిలో, నెలలు నిండకుండా పుట్టిన పిల్లలను వెచ్చగా ఉంచే ఇంక్యుబేటర్లు సరిపోక వైద్యులు ఇబ్బంది పడేవారు. అప్పుడు ఎడ్గార్ రే అనే వైద్యుడు, అటువంటి పసికందులను తల్లి రొమ్ము మీద, చర్మానికి చర్మం తగిలేటట్టు, బట్టల లోపల నిలువుగా పడుకోబెట్టించాడు. ఈ పద్ధతి పసిప్రాణాలను నిలుపుతోందని తరువాతి పరిశోధనల్లో తేలింది. కంగారూ పేరుతో పిలిచే ఈ పద్ధతిని ఇప్పుడు మన ఆసుపత్రుల్లోనూ పాటిస్తున్నారు. తల్లికి వీలుకానప్పుడు తండ్రి గానీ అమ్మమ్మ గానీ బిడ్డను అలా పొదువుకోవచ్చు. ఆ కూర్చున్న తండ్రి బిడ్డతో ఒక్క మాటైనా మాట్లాడకపోవచ్చు. గంటల తరబడి కదలకుండా కూర్చోవడమే ఆయన చేసే పని. మాటలు రాని నాన్నల గురించి ఆలోచించేటప్పుడు ఈ సంగతి కూడా గుర్తుంచుకోండి.

ఇక అమ్మ కోపం. తడి తలతో బడికి పరుగెత్తే పిల్లను కేకలేయడం వేరు, ఎక్కడో ఎవరి మీదో వచ్చిన కోపాన్ని తెచ్చి పిల్ల మీద తీర్చుకోవడం వేరు. మొదటిది పాలు ఒక పొంగు పొంగడం లాంటిది, సెగ తగ్గిస్తే మామూలవుతుంది. రెండోదాన్ని కూడా ప్రేమే అనుకొమ్మని చెప్పే పెద్దల మాట మీరు నమ్మనక్కరలేదు. కొట్టేది ప్రేమకొద్దీ అనే సామెతలు మన దగ్గర చాలా ఉన్నాయి, వాటిలో ఒక్కటీ నాకు నచ్చదు. ఇంట్లో ఎవరి వల్లనైనా మీకు భయం కలుగుతుంటే మీరు నమ్మే ఉపాధ్యాయుడికి చెప్పండి, లేదా 1098కి ఫోను చేయండి. పిల్లల సహాయం కోసమే ఆ నంబరు పెట్టారు.

పుల్లని పెరుగును తోడు వేస్తే మర్నాటి పెరుగూ పుల్లగానే ఉంటుంది. కసుర్లూ విసుర్లూ వింటూ పెరిగినవారు తమకు తెలియకుండానే అదే భాషను తమ పిల్లలకు అందిస్తారు. అయితే వంటింటివాళ్లకు దీనికి ఉపాయం తెలుసు. పాత పెరుగు పులిసిపోతే పక్కింటి నుంచి కమ్మని తోడు తెచ్చుకుంటారు.

ఒకసారి మా అమ్మ నన్ను ఇలాగే గిన్నె ఇచ్చి పక్కింటి పిన్నిగారి దగ్గరకు పంపింది. అప్పటికి చాలాకాలంగా వాళ్లిద్దరికీ మాటలు లేవు. మా మునగచెట్టు కొమ్మ వాళ్ల గోడ మీద వాలడం దగ్గర ఆ తగవు మొదలైంది. పైగా దీపాలు పెట్టిన తరువాత పెరుగు గడప దాటించకూడదని మా వైపు గట్టి పట్టింపు. నేను గుమ్మంలో నిలబడి నసుగుతుంటే, ఆవిడ గిన్నె లాక్కుని లోపలికి వెళ్లి, గరిటెడు పెరుగు వేసి తెచ్చి నా చేతిలో పెట్టి, “పాలు బాగా చల్లారాక వెయ్యమను. మీ అమ్మకు అన్నిటికీ తొందరే” అని మూతి తిప్పుకుంది. నేను ఆ మాట పొల్లుపోకుండా అమ్మకు చెప్పాను. అమ్మ చాలాసేపు నవ్వింది, ఆ రాత్రి వేలు ముంచి రెండుసార్లు వేడి చూసింది. మాటలు కలవడానికి మరికొన్నాళ్లు పట్టింది కానీ, ఆ పెరుగు మాత్రం చక్కగా తోడుకుంది.

మన పాలకు పక్కింటి తోడు పనికిరాదనే వంటింటిని నేను ఎక్కడా చూడలేదు. పెళ్లి చేసుకుని వచ్చిన కోడలు, పెంచుకున్న బిడ్డ, చిన్నప్పటి నుంచి ఎత్తుకు తిరిగిన ఎదురింటి మామ్మ, వీళ్లెవరిదీ మన రక్తం కాదు. అయినా వాళ్లకు జ్వరం వస్తే మనకు అన్నం సయించదు. ఎందుకని అడిగితే నా దగ్గర జవాబు లేదు. ఇంత వయసు వచ్చాక కూడా నాకు అది వింతగానే ఉంటుంది.

ఆ అమ్మాయికీ, మీ అందరికీ ఒక పని చెబుతాను. ఒక వారం రోజులు ఎవరికీ చెప్పకుండా మీ ఇంటిని గమనించండి. అందరి తరువాత అన్నం తినేది ఎవరు, మాడిన అట్టు ఎవరి పళ్లెంలోకి వెళుతుంది, రాత్రి లేచి మీ దుప్పటి సరిచేసేది ఎవరు, తమ్ముణ్ణి బయటివాడు ఎవడైనా కొడితే ముందు పరుగెత్తేది ఎవరు, చూడండి. చూసినవి కాగితం మీద రాసుకోండి, మీరు చేసినవి కూడా అందులో రాయండి. ఆ వారంలో ఒక రాత్రి పాలు తోడు వేసే పని మీరే అడిగి తీసుకోండి. ఇప్పుడు చలి ఎక్కువ కనుక గిన్నెకు పాత తువ్వాలు చుట్టి పెట్టండి, తెల్లవారేదాకా మూత తీయకండి. తోడుకోకపోతే ఎందుకు తోడుకోలేదో మీ అమ్మమ్మను అడిగి, ఆవిడ చెప్పింది నాకు రాయండి.

మీ తాతయ్య