వీబీఆర్ వల్ల లిప్ సింక్ పోదు: సినిమా ఆడియోపై అపోహలు - వాస్తవాలు

మొన్న రాత్రి పదకొండున్నరకు ఫోన్. షార్ట్ ఫిల్మ్ తీసిన కుర్రాడు. "అన్నా, రేపు పొద్దున్నే ఇచ్చెయ్యాలి. చివర్లో మాట ముందొచ్చేస్తోంది, పెదాలు తర్వాత కదులుతున్నాయి. వీబీఆర్ పెట్టావు కదా, అందుకే అంటున్నారందరూ. సీబీఆర్‌లో మూడుసార్లు మళ్లీ ఎన్‌కోడ్ చేశాను. అయినా అంతే." ఏడుపొక్కటే తక్కువ. (ఎన్‌కోడ్ అంటే సౌండ్‌ను కుదించి ఫైల్‌గా రాయడం. అందులో సెకనుకు ఖర్చయ్యే డేటా బిట్‌రేట్. అది సౌండ్‌ను బట్టి మారుతుంటే వీబీఆర్, ఎప్పుడూ ఒకేలా ఉంటే సీబీఆర్.)

మొదట్లో ఎలా ఉందని అడిగాను. బాగానే ఉందన్నాడు. ఇరవై నిమిషాల సినిమా చివరికొచ్చేసరికి తేడా ఎంత? సెకను మీద కొంచెం. ఇక ఆడియో ఫైల్ తెరిచి చూడక్కర్లేదు. సౌండ్ మిక్స్ జరిగింది సెకనుకు 24 ఫ్రేముల లెక్కన, బొమ్మ ఎక్స్‌పోర్ట్ అయింది 23.976లో. వెయ్యింట ఒక వంతు తేడా. 20 నిమిషాలకు అది 1.2 సెకన్లు, రెండు గంటల సినిమాకైతే 7 సెకన్లు దాటుతుంది. బొమ్మను 24కే ఎక్స్‌పోర్ట్ చేయించాను, అతుక్కుపోయింది. పాపం, మూడుసార్లు ఎన్‌కోడింగ్ అని రెండు రాత్రులు నిద్ర మానుకున్నాడు.

ఇలాంటి ఫోన్లు నాకు కొత్త కాదు. అందుకే ముందు దీని సంగతే తేల్చేస్తాను.

అపోహ: వీబీఆర్ పెడితే సౌండ్ పోనుపోను జారిపోతుంది.

జారదు. వీబీఆర్‌లో మారేది ఫ్రేమ్‌లో పట్టే బైట్లు మాత్రమే, ఫ్రేమ్ నిడివి కాదు. ఇక్కడ ఫ్రేమ్ అంటే బొమ్మ కాదు, సౌండ్‌లో ఒక చిన్న ముక్క. సినిమాలకు వాడే 48 కిలోహెర్ట్జ్ దగ్గర ఎంపీ3 ఫ్రేమ్ అంటే 1152 శాంపిళ్లు (సౌండ్ కొలతలు), అంటే సరిగ్గా 24 మిల్లీసెకన్లు. ఫైట్ సీన్‌లో ఆ ఫ్రేమ్‌కి 960 బైట్ల దాకా పడొచ్చు, నిశ్శబ్దంలో వంద కూడా పట్టకపోవచ్చు. రెండూ మోగేది 24 మిల్లీసెకన్లే. ఏఏసీ అనే ఇంకో ఆడియో ఫార్మాట్‌లో 1024 శాంపిళ్లు, దాదాపు 21.3 మిల్లీసెకన్లు. అక్కడా ఇదే కథ. పైగా ఎంపీ4, ఎంకేవీ లాంటి కంటైనర్లలో (బొమ్మను, సౌండ్‌ను కలిపి ఉంచే ఫైళ్లలో) ఏ ముక్క ఎప్పుడు మోగాలో విడిగా రాసే ఉంటుంది. ఇంక జారడానికి సందెక్కడ?

మరి పుకారు ఎక్కడ పుట్టింది? పూర్తిగా గాల్లోంచి ఊడిపడలేదు. 1992లో వచ్చిన ఏవీఐ ఫార్మాట్ ఆడియోకి సెకనుకు ఇన్ని బైట్లు అని ఒకే లెక్క పెట్టుకుని నడిచేది. అందులో వీబీఆర్ ఎంపీ3ని ఇరికిస్తే పాత ప్లేయర్లు తికమకపడేవి, ముఖ్యంగా సినిమాను ముందుకు జరిపినప్పుడు. హెడర్ (ఫైల్ మొదట్లో వివరాలుండే భాగం) లేని వీబీఆర్ ఎంపీ3ల నిడివిని ప్లేయర్లు తప్పు చూపించడం కూడా అప్పటి జబ్బే. ఏవీఐ మూలన పడి ఎన్నాళ్లో అయింది, సలహా మాత్రం ఇంకా నడుస్తూనే ఉంది.

ఒప్పుకుంటున్నాను, నేనూ ఈ సలహా ఇచ్చినవాడినే. పనిలో కొత్తగా చేరినప్పుడు ఒక రెండు గంటల సినిమా ఆడియో ముందే అయిపోతోందని వీబీఆర్‌ను తిట్టుకుంటూ రెండు రోజులు సీబీఆర్‌లో తిప్పాను. తీరా చూస్తే ఆ ఆడియో ట్రాక్ సెకనుకు 24 నుంచి 25 ఫ్రేములకు వేగం పెంచిన ప్రతి నుంచి తీసింది. నాలుగు శాతం పైగా తేడా, అంటే రెండు గంటలకు దాదాపు 5 నిమిషాలు! అంత తేడాని బిట్‌రేట్ మీదకు ఎలా నెట్టానో ఇప్పటికీ నవ్వొస్తుంది.

ఇంకో గందరగోళం కూడా ఉంది. ఫోన్‌తో తీసిన వీడియోల్లో, స్క్రీన్ రికార్డింగుల్లో ఫ్రేమ్ రేట్ చాలాసార్లు స్థిరంగా ఉండదు. దాన్ని వీఎఫ్ఆర్ (వేరియబుల్ ఫ్రేమ్ రేట్) అంటారు. అది ఎడిటింగ్‌లో సింక్‌ను నిజంగానే చెడగొడుతుంది. "వేరియబుల్ పెట్టొద్దు" అని ఎవరో దాని గురించి చెప్పిన మాటను ఇంకెవరో ఆడియో బిట్‌రేట్‌కి అంటగట్టేశారు. వీఎఫ్ఆర్ వేరు, వీబీఆర్ వేరు. వీఎఫ్ఆర్ వీడియో ఉంటే ఎడిటింగ్ మొదలుపెట్టకముందే స్థిరమైన ఫ్రేమ్ రేట్‌కి మార్చుకోండి.

సింక్ తప్పినప్పుడు చూడాల్సింది ఒక్కటే. తేడా మొదట్నుంచి చివరిదాకా ఒకేలా ఉందా, పెరుగుతోందా? ఒకేలా ఉంటే అది డిలే. ఆడియోని అంత జరిపితే చాలు, మళ్లీ ఎన్‌కోడ్ చేయక్కర్లేదు. పెరుగుతుంటే ఫ్రేమ్ రేటో, శాంపిల్ రేటో ఎక్కడో తప్పింది.

ఇంత గట్టిగా చెప్పడానికి కారణం ఉంది. సింక్ కుదరలేదని మళ్లీ మళ్లీ ఎన్‌కోడ్ చేసిన ప్రతిసారీ సౌండ్ కొంత పోతుంది. ఒకాయన తన తండ్రి గొంతున్న పాత రీలును డిజిటల్ చేయించుకున్నారు. సింక్ కోసం నాలుగు సార్లు ఎంపీ3లో తిప్పారు, జాగా చాలట్లేదని మధ్యలో అసలు ఫైల్ తీసేశారు. నా దగ్గరకు వచ్చేసరికి ఆ గొంతు నీళ్లలోంచి మాట్లాడుతున్నట్టుంది. సింక్ పది నిమిషాల్లో సరిచేశాను. గొంతును మాత్రం ఏం చేయలేకపోయాను. అసలు ఫైల్ ఎంత పెద్దదైనా ఉంచుకోండి. కుదించని వేవ్ ఫైల్ బరువనిపిస్తే ఫ్లాక్ ఫార్మాట్‌లో దాచండి. ఫ్లాక్‌లో ఏమీ పోదు.

మిగతావి గబగబా.

అపోహ: డైలాగ్ సరిగా వినపడకపోతే బిట్‌రేట్ పెంచాలి. బిట్‌రేట్‌కీ వాల్యూమ్‌కీ సంబంధం లేదు. 5.1లో (ఆరు ఛానెళ్ల సరౌండ్ సౌండ్‌లో) మాటలు ఎక్కువగా సెంటర్ ఛానెల్‌లో ఉంటాయి. స్టీరియోకి కలిపేటప్పుడు మామూలుగా దాన్ని 3 డెసిబెల్స్ తగ్గించి ఎడమ, కుడి రెండింటికీ పంచుతారు. పైన మ్యూజిక్, ఎఫెక్టులు వచ్చి పడతాయి. మిక్స్‌లో సెంటర్ పెంచండి.

అపోహ: మాటల సీన్‌లో బిట్‌రేట్ 70 కేబీపీఎస్‌కి (సెకనుకు 70 కిలోబిట్లకు) పడిపోతే క్వాలిటీ పోయినట్టే. ఒక్క మనిషి నింపాదిగా మాట్లాడుతుంటే అంతకన్నా అక్కర్లేదు కాబట్టి పడింది. వాన, చప్పట్లు, జనం గోల, వీటికే బిట్లు బాగా ఖర్చవుతాయి. వీబీఆర్ పనే అది.

అపోహ: అంకె పెద్దదైతే క్వాలిటీ పెద్దది. వీబీఆర్ క్వాలిటీకి ఇచ్చే అంకె ఎన్‌కోడర్‌ను బట్టి మారుతుంది. లేమ్ అనే ఎంపీ3 ఎన్‌కోడర్‌లో 0 అన్నిటికన్నా మంచిది, 9 అధ్వానం. ఎఫ్‌డీకే అనే ఏఏసీ ఎన్‌కోడర్‌లో తిరకాసు, 1 కింద, 5 పైన. ఒకదాని అలవాటుతో ఇంకోదానికి అంకె కొట్టేసి, సౌండ్ చచ్చిపోయిందని వీబీఆర్‌ను తిట్టినవాళ్లను చూశాను. ఎఫ్ఎఫ్‌ఎంపెగ్ అనే వీడియో టూల్ సొంత ఏఏసీ ఎన్‌కోడర్‌లో అయితే వీబీఆర్ ఇంకా ప్రయోగదశలోనే ఉంది, అందులో మాత్రం నేరుగా బిట్‌రేటే ఇవ్వండి.

అపోహ: 448 కేబీపీఎస్ ఏసీ3ని (డాల్బీ డిజిటల్ ఆడియోని) 640కి మారిస్తే మెరుగవుతుంది. పోయింది తిరిగి రాదు. ఫైల్ మాత్రం లావెక్కుతుంది.

నేనేం పెడతానంటే, స్టీరియో ఎంపీ3 అడిగితే లేమ్‌లో వీ2 (వీబీఆర్ అంకె 2). సగటున 190 కేబీపీఎస్ దగ్గర వస్తుంది, రెండు గంటలకు సుమారు 170 ఎంబీ. 5.1 కావాలంటే ఓపస్ ఫార్మాట్‌లో 256 కేబీపీఎస్, అది 230 ఎంబీ. ఆప్టికల్ వైరుతో పాత రిసీవర్‌కి కలిపేవాళ్లకు మాత్రం ఏసీ3 640 ఇస్తాను. ఆ వైరు మీద ఓపస్ 5.1 వెళ్లదు. ఏసీ3 ఎలాగూ స్థిర బిట్‌రేటే, కాబట్టి అక్కడ వీబీఆర్ గొడవే లేదు.