చంటిబిడ్డ బోర్లా పడాలంటే

హనుమకొండ చుట్టుపక్కల ఏ ఊళ్లోనైనా బుధవారం పూట టీకాలు వేసే చోట కాసేపు కూర్చోండి. "మీవోడు బోర్ల పడ్డడా?" అని ఒకామె అడుగుతుంది. "ఇంకా లేదక్కా" అంటుంది పిల్లతల్లి. "అట్లనా, మా మనుమడైతే మూడో నెలనే పడ్డడు!" ఇక ఆ పిల్లతల్లికి టెన్షన్ మొదలు.

14 వారాల టీకాకు వచ్చిన బిడ్డకు మూడు నెలలు నిండి వారం. ఆ వయసుకు బోర్లా పడకపోతే కంగారు అక్కర్లేదు. చాలామంది నాలుగో నెలకూ ఆరో నెలకూ మధ్య పడతారు. ప్రపంచ ఆరోగ్య సంస్థ ఇండియాతో సహా ఐదు దేశాల పిల్లలను గమనించి, 2006లో ఆరు కదలికలకు వయసు హద్దులు ఇచ్చింది. కూర్చోవడం, పాకడం, నిలబడటం, నడవడం అందులో ఉన్నాయి. బోర్లా పడటం లేనేలేదు. మన ఇళ్లలో మాత్రం బొబ్బట్లు చేసేది దానికే!

పుట్టిన కొత్తలో బిడ్డ తల కుడికి తిరిగితే కుడి చెయ్యి చాచుకుంటుంది, ఎడమ చెయ్యి ముడుచుకుంటుంది. కావాలని చేసేది కాదు, అసంకల్పిత చర్య. కుడికి దొర్లాలంటే ఆ చాచిన చెయ్యే అడ్డం. మెదడు ఎదిగేకొద్దీ నాలుగు నుంచి ఆరు నెలల లోపు ఈ చర్య తగ్గిపోతుంది, అడ్డూ తొలగుతుంది. తల బరువు ఇంకో చిక్కు. పుట్టినప్పుడు ఒంటి పొడవులో నాలుగో వంతు తలే కాబట్టి దాన్ని ఎత్తడానికి మెడ, వీపు గట్టిపడాలి. ఐదో నెల ప్రాంతంలో పిల్లలు కాళ్లు పైకెత్తి పాదాలు పట్టుకుని ఆడుకుంటారు చూడండి, అది ఉత్త ఆట కాదు. కాళ్లు గాల్లో ఉన్నప్పుడు నడుము కొంచెం ఒరిగినా ఒళ్లు పక్కకు తిరుగుతుంది, పొట్ట కండరాలకూ పని దొరుకుతుంది. మొదట్లో ఒళ్లంతా ఒక్క ముక్కగా దొర్లుతుంది. పోనుపోను తల, భుజం, తుంటి ఒకదాని వెనక ఒకటి, తడిబట్ట పిండినట్టు మెలిక తిరుగుతాయి.

అమెరికాలో పిల్లల ఎదుగుదల పట్టికల్లో ఆరో నెలకు రాసేది బోర్లా ఉన్న బిడ్డ వెల్లకిలా తిరగడం గురించి. మనం సంబరపడేది వెల్లకిలా ఉన్న బిడ్డ బోర్లా పడినందుకు. నాకైతే ఇందులో వింతేమీ కనిపించదు. బిడ్డను ఎలా పడుకోబెడితే ప్రయత్నం అక్కడి నుంచే మొదలవుతుంది.

ఇక మనం నేర్పేది తక్కువ, చోటు ఇవ్వడమే ఎక్కువ. మెత్తటి పరుపులో మోచెయ్యి దిగబడిపోతుంది, ఊతం దొరకదు. నేల మీద ఒక కొత్తవాడ జంపఖానా పరిస్తే చాలు (2018లో భౌగోళిక గుర్తింపు వచ్చిన వరంగల్ సరుకు, ఊరికే బీరువాలో పెట్టుకోవడం ఎందుకు). మెలకువగా ఉన్నప్పుడు, మీరు పక్కన ఉండి, దాని మీద బోర్లా వెయ్యండి. కదలడం రాని పిల్లలను రోజు మొత్తం మీద కనీసం 30 నిమిషాలు, విడతలుగా ఇలా ఉంచమని ప్రపంచ ఆరోగ్య సంస్థ 2019లో చెప్పింది. మొదట నిమిషానికే ఏడుస్తారు. ఎత్తుకుని, కాసేపాగి మళ్లీ వెయ్యండి. కాళ్లు చాపుకుని బిడ్డను వాటి మీద బోర్లా వేసుకుని నీళ్లు పోసే అమ్మమ్మలు చేసేదీ ఇంచుమించు ఇదే.

గిలక్కాయను ముఖానికి ఎదురుగా ఆడించకుండా, పక్క నుంచి మెల్లగా భుజం పైకి జరపండి. ముందు కళ్లు, తర్వాత తల, ఆ వెనక భుజం తిరుగుతాయి. పక్కకు ఒరిగి ఆగిపోతే తుంటి దగ్గర రెండు వేళ్లతో చిన్న ఊతం ఇవ్వండి. చెయ్యి పట్టి లాగొద్దు. బోర్లా పడ్డాక ఒక చెయ్యి పొట్ట కింద ఇరుక్కుంటుంది, ఇది ప్రతి ఇంట్లో జరిగేదే. చటుక్కున తీసెయ్యాలనిపిస్తుంది. కాస్త ఓపిక పట్టి చూడండి. రెండో చేతి మీద బరువు వేసి, ఇరుక్కున్న వైపు భుజం లేపి, ముక్కుతూ చెయ్యి లాక్కోవడానికి తంటాలు పడతాడు. బరువును ఒక వైపు నుంచి ఇంకో వైపుకు మార్చడం నేర్చుకునేది అక్కడే. ముందు ముందు పాకడానికి అదే కావాలి. మరీ ఏడిస్తే ఆ భుజం కింద చెయ్యి పెట్టి కొంచెం ఎత్తితే సరిపోతుంది.

చీర తొట్టెల్లో ఒళ్లు గుంటలో ఉంటుంది, దొర్లే వీలుండదు. తజికిస్తాన్‌లో గహ్వోరా అనే ఊయలలో పసిపిల్లలను చేతులూ కాళ్లూ కట్టి గంటల తరబడి ఉంచుతారు. వాళ్లు కూర్చోవడం, నడవడం ఆలస్యమైనా నాలుగైదేళ్లకు ఆ తేడా దాదాపు పోయిందని పరిశోధకులు గమనించారు. కాబట్టి తొట్టెలను తిట్టక్కర్లేదు. మెలకువగా ఉండే గంటల్లో కొన్ని నేలకు వదిలితే చాలు.

నెలలు నిండకుండా పుట్టిన బిడ్డకు వయసును డాక్టరు ఇచ్చిన డెలివరీ తేదీ నుంచి లెక్కేయాలి. ఆరు నెలలు నిండినా దొర్లే ప్రయత్నమే లేకపోతే, ఎప్పుడూ ఒక్క వైపే తిరుగుతుంటే, ఒక చెయ్యి పిడికిలి విప్పకపోతే, ఒళ్లు బిగుసుకుపోయినట్టో వేలాడినట్టో ఉంటే డాక్టరుకు చూపించండి.

దొర్లడం మొదలైందంటే మంచం మీద ఒంటరిగా వదలొద్దు. చుట్టూ మెత్తలు పేర్చడం మనకు అలవాటు, కానీ ముఖం వాటికి ఆనుకుంటే ఊపిరి ఆడదు. ఆవాల మెత్తా అంతే. గుడ్డలో బిగించి చుట్టడమూ మానాలి. ఏడాది నిండేదాకా నిద్రకు వెల్లకిలానే పడుకోబెట్టాలి. అమెరికాలో 1990లలో ఈ మాట గట్టిగా ప్రచారం చేశాక నిద్రలో హఠాత్తుగా చనిపోయే పసిపిల్లల సంఖ్య దాదాపు సగానికి తగ్గింది. మరి నడిరాత్రి వాడే బోర్లా తిరిగితే? బోర్లా పడటమూ, మళ్లీ వెల్లకిలా తిరగడమూ రెండూ వచ్చిన బిడ్డైతే అలాగే పడుకోనివ్వొచ్చు. బోర్లా పడటం ఒక్కటే వస్తే మీరే మళ్లీ వెల్లకిలా తిప్పండి.