ఇత్తడి బాకా మెరిసినంత మాత్రాన అది పాత పెట్టె అయిపోదు

మొన్న మళ్లీ అదే ఫోను, బొబ్బిలి దగ్గర పల్లె నుంచి. "నా దగ్గర పాత గ్రామఫోన్ పెట్టె ఉందండి, దానికి ఇత్తడి బాకా ఉందండి, కుక్క బొమ్మ ఉందండి, జమీందారు బంగళాలోది. బిడ్డింగ్‌లో పెడితే ఎన్ని లక్షలొస్తాయి?" ఫొటోలు పంపమన్నాను. ఎనిమిది మూలల కొత్త చెక్క పెట్టె, అద్దంలా మెరిసే పల్చటి బాకా, ముందు భాగంలో మేకులు కొట్టిన కుక్క బొమ్మ రేకు. పాపం, ఆ అబ్బాయి ఎవరో చెప్పిన మాట నమ్మి, లాభానికి అమ్ముకోవచ్చని అప్పు చేసి కొన్నాడు. అది కొత్తగా తయారు చేసిన షోకు వస్తువని చెప్పడానికి నాకు నోరు రాలేదు, కానీ చెప్పక తప్పలేదు.

విజయనగరంలో ఇరవై ఏళ్లుగా ఈ పెట్టెలు బాగు చేస్తున్నాను, అవి చేతులు మారేటప్పుడు మధ్యలో ఉంటున్నాను. జనాన్ని ఎక్కువగా ముంచేది ఈ ఒక్క అపోహే: ఇత్తడి బాకా, కుక్క బొమ్మ ఉంటే అసలైన యాంటిక్ అని. కాదండీ. ఇంగ్లండ్‌లో తయారై మన దగ్గరికి వచ్చిన పాత బాకా పెట్టెల్లో చాలా వాటికి ఉండేది రంగు వేసిన ఇనుప రేకు బాకా, పువ్వు రేకుల్లా ముక్కలు మడిచి అతికినది. చెక్క బాకాలు కూడా ఉన్నాయి. ఇత్తడివి అసలు లేవని కాదు, తొలినాటి వాటికి ఉండేవి, కానీ ఇప్పుడు బజార్లో మెరుస్తున్నవి మాత్రం దాదాపు అన్నీ మన దేశంలోనే ఈ మధ్య చేసినవి. చేత్తో మోసుకెళ్లే పాత పోర్టబుల్ గ్రామఫోన్ మోటారు ఊడదీసి కొత్త చెక్క పెట్టెలో బిగిస్తారు. అంటే ఒక నకిలీ పెట్టె కోసం ఒక అసలు పెట్టెను చంపేస్తున్నారు. నాకు కడుపు మండేది అక్కడే.

ఇక కుక్క బొమ్మ. నిప్పర్ అనే ఆ కుక్క బొమ్మను ఫ్రాన్సిస్ బరాడ్ అనే చిత్రకారుడు మొదట గీసినప్పుడు అందులో ఉన్నది గ్రామఫోన్ కూడా కాదు, ప్లేటు బదులు గొట్టంలాంటి సిలిండర్ తిరిగే ఫోనోగ్రాఫ్. 1899లో గ్రామఫోన్ కంపెనీ (తర్వాత హెచ్.ఎం.వి. అని పేరుపడింది వీళ్లే) దాని మీద గ్రామఫోన్ గీయించి కొనుక్కుంది. వాళ్ల ప్లేట్ల లేబుల్ మీదకు కుక్క వచ్చింది 1909లో, అంతకు ముందు ఈకతో రాస్తున్న దేవదూత బొమ్మ ఉండేది. కాబట్టి "ఇది 1902 నాటిది, కుక్క ఉంది చూడండి" అంటే నమ్మేయకండి. ఆ రేకు ఎవరైనా కొట్టించుకోవచ్చు. దానికంటే స్క్రూలు చూడండి. ప్లస్ గుర్తు స్క్రూలు 1930ల్లో గానీ రాలేదు. 1905 నాటి పెట్టెకు అడుగంతా ప్లస్ స్క్రూలే ఉంటే ఆలోచించుకోవాలి కదా.

దీనికి రెండో వైపు ఇంకా బాధాకరం. నాలుగైదేళ్ల కిందట శ్రీకాకుళంలో ఒక రిటైర్డ్ మాస్టారు తన తండ్రి పెట్టె అమ్ముతానన్నారు. ముల్లు కదలికను శబ్దంగా మార్చే ఎగ్జిబిషన్ రకం సౌండ్‌బాక్స్, దాని అభ్రకం బిళ్ల చెక్కు చెదరలేదు, స్ప్రింగ్ బాగుంది, నల్లటి ఇనుప బాకా కొంచెం తుప్పు పట్టింది, అంతే. ముగ్గురికి కబురు పెట్టాను. బిడ్డింగ్ రోజు వెళ్లి చూస్తే పెట్టె మీద కొత్త ఇత్తడి బాకా! ఎవరో చుట్టం, ఇత్తడిదైతే రేటు పెరుగుతుందని చెప్పి, పాతది సామాన్ల కొట్టుకు కిలోల లెక్కన వేయించి, డబ్బు పెట్టి కొత్తది తెప్పించాడట. వచ్చిన ముగ్గురిలో ఇద్దరు చీటీ రాయకుండానే లేచిపోయారు, మూడో ఆయన రాసిన ధర మాస్టారు లోపల అనుకున్న కనీస ధరలో సగం కూడా లేదు. "నేనేం తప్పు చేశాను బాబూ?" అని అడిగారు మాస్టారు. ఆయన తప్పేముంది? సాయంత్రం ఇద్దరం ఆ కొట్టుకు వెళ్లాం, అప్పటికే సరుకు లారీకి ఎక్కిపోయింది.

ప్రైవేటు బిడ్డింగ్ అంటే వేలంపాట కాదు, కేకలు వేసి రెచ్చగొట్టడానికి. నలుగురైదుగురు తెలిసినవాళ్లు వచ్చి, పెట్టె విప్పి చూసి, ఒక్కసారే ధర రాసి కవరు అంటిస్తారు. వాళ్లు చూసేది బాకా మెరుపు కాదు, ఏ ముక్క అసలుది, ఏ ముక్క మార్చింది అని. అందుకే అమ్మే ముందు వార్నిష్ వేయకండి, చింతపండుతో తోమకండి, ఇసుక కాగితం పట్టకండి.

మిగతావి త్వరగా చెప్పేస్తాను. పెట్టెలో ఎర్ర పాదరసం ఉంటుంది, బియ్యపు గింజల్ని లాగుతుంది (రైస్ పుల్లింగ్) అనేవన్నీ పచ్చి అబద్ధాలు, లోపల ఉన్నవి స్ప్రింగూ పళ్ల చక్రాలూ వేగాన్ని అదుపు చేసే మూడు గుండ్ల గవర్నరూ, అంతే. హెచ్.ఎం.వి. 102 లాంటి పోర్టబుల్ పెట్టెలు లెక్కలేనన్ని తయారయ్యాయి, వాటి ధర వేలల్లోనే ఉంటుంది. తర్వాత వచ్చిన మెత్తటి ఎల్పీ ప్లేటు వీటి మీద పెడితే ముల్లు దాన్ని చెక్కేస్తుంది. మైనపు సిలిండర్లు దొరికితే తడిగుడ్డ తగలనివ్వకండి, మన సముద్రపు గాలి తేమకు పట్టే బూజు ఇప్పటికే సగం తినేసి ఉంటుంది.

"విదేశీ బిడ్డర్ పాతిక లక్షలకు ఓకే చేశాడు, ముందు రిజిస్ట్రేషన్ ఫీజు కట్టండి" అని ఫోనొస్తే మాట్లాడకుండా వెంటనే ఫోను పెట్టేయండి. మా బిడ్డింగ్‌లో అమ్మేవాడు ముందుగా డబ్బు కట్టడం ఉండదు. పైగా 1972 చట్టం ప్రకారం వందేళ్లు దాటి పురావస్తువుల కిందకు వచ్చే వాటిని మామూలు మనుషులు దేశం దాటించడానికి వీల్లేదు. కట్టనంటే వాళ్లే "యాంటిక్ దాచుకున్నారు, పోలీసు కేసు అవుతుంది" అని బెదిరిస్తారు, పెద్దవాళ్లు రాత్రంతా నిద్రపోరు. టెన్షన్ పడకండి, ఇంట్లో తాతగారి గ్రామఫోన్ ఉండటం నేరం కాదు.

ప్లేట్లు మాత్రం పెట్టెతో పాటు ఊరికే ఇచ్చేయకండి. మాస్టారి మంచం కింద గోనెసంచిలో ద్వారం వెంకటస్వామి నాయుడు గారి ఫిడేలు ప్లేటు దొరికింది. ఆ రోజు ఆ ఇత్తడి బాకాతోనే, కొత్త ముల్లు వేసి, కీ ఇచ్చి వినిపించాను. మాస్టారు అమ్మడం మానేశారు. ఆ పెట్టెకు సరిపోయే నల్ల రేకు బాకా కోసం ఇప్పటికీ వెతుకుతున్నాను. మీ అటక మీద అలాంటిది ఉంటే తుప్పు గీకకుండా, ఉన్నదున్నట్టు ఒక ఫొటో తీసి పంపండి.